అమ్మ నవ్వును దిద్దినదాన్ని

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా అమ్మ చనిపోయిన రోజు నేను చేసిన మొదటి పని ఏడవడం కాదు. ఫోన్‌లో ఆమె పళ్ళు తెల్లగా చేయడం.

పెనుకొండలో మా వీధి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టాలన్నారు. మా వైపు మనిషి పోతే మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ లేవాలి, లేకపోతే పోయినట్టే లెక్క కాదు. షాపతను "ఫోటో పంపించక్కా, తొందరగా" అని రెండుసార్లు ఫోన్ చేశాడు. అమ్మ నవ్వుతున్న ఫోటో నా దగ్గర ఒక్కటే ఉంది. చేట ముందేసుకుని శెనక్కాయలు ఒలుస్తూ, నేను ఫోన్ ఎత్తింది చూసుకోకుండా, నోరారా నవ్వేసింది. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, అంచుల్లో సున్నం చల్లినట్టు మచ్చలు. నావీ అచ్చం అవే. తలుపుల మండలంలో మా పాత ఊళ్ళో ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళం ఒకరినొకరు నోరు తెరిస్తే గుర్తుపడతాం. హిందూపురం నుంచి మా అత్తగారి వాళ్ళు వస్తారు కదా, చూస్తారు కదా అనుకున్నాను. యాప్ తెరిచి వేలితో రెండుసార్లు రుద్దాను, సేవ్ చేశాను, పంపేశాను. నా చిన్నప్పుడు అమ్మ ఉప్పూ బొగ్గూ కలిపి చిగుళ్ళు రక్తం వచ్చేదాకా నా పళ్ళు రుద్దేది. ఏళ్ళ తరబడి రుద్దినా పోని మరకని నేను నాలుగు సెకన్లలో పోగొట్టాను. ఇంజనీరింగ్ ఊరికే చదవలేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హిందూపురంలో అత్తగారింట్లో కూర్చుని ఒక బెంగళూరు కంపెనీకి తప్పులు పట్టి పెడతాను. దానికి జీతం ఇస్తారు. ఇడ్లీ పిండికి, అత్తమ్మ బీపీ మాత్రకి, మా ఆయన నాగేంద్ర ఇస్త్రీ చొక్కాకి ఇవ్వరు, అది ప్రేమ కిందికి వస్తుంది. మీటింగుల్లో కెమెరా ఆపేసి "మా దగ్గర నెట్ బాలేదండీ" అంటాను. మూడేళ్ళుగా మా ఇంట్లో నెట్ బాలేదు. నాగేంద్ర వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కూడా పెదవి విప్పకుండా తలే ఊపాను. "పిల్ల భలే నెమ్మది" అని మెచ్చుకుని వెళ్ళారు. నెమ్మది కాదు, మరక అని వాళ్ళకి పెళ్ళయ్యాక తెలిసింది.

మా మరిది పెళ్ళి కుదిరాక ఒక పొద్దున నేను దోసె తిప్పుతుంటే అత్తమ్మ శోభారాణి పక్కన వచ్చి నిలబడింది. "ఏమనుకోవద్దు చాముండీ, ఆల్బంలో నువ్వు రోంత వెనక నిల్చుకో. లేదంటే నోరు మూసుకోని నవ్వు. వాళ్ళు పెద్దింటోళ్ళు." ఫోన్ లోంచి తల ఎత్తకుండా నాగేంద్ర, "వెనకెందుకుమ్మా? ఈ కాలంలో అదొక సమస్యనా? పన్ను మీద తెల్లగా తొడుగు ఏస్తారంట. చేపిచ్చుకుంటే దానికే కాన్ఫిడెన్సు" అన్నాడు. నా కాన్ఫిడెన్స్ గురించి తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆలోపు నా దోసె మాడింది. దాని గురించి కూడా మాట్లాడారు.

ధర్మవరంలో డాక్టర్ ఉమాదేవి దగ్గరికి తీసుకెళ్ళాడు. అబద్ధం ఎందుకు, నాకూ ఆశ పుట్టింది. ఆమె రకరకాల తెలుపుల్లో వరసగా పళ్ళు గుచ్చిన పట్టీ తీసి నా పెదవి దగ్గర పెట్టి చూస్తుంటే, చీరల కొట్లో రంగు ఎంచుకుంటున్నట్టు రెండోది బాగుంది అనుకున్నాను. కానీ ఆమె అమ్మే మనిషిలా మాట్లాడలేదు. "నీ పండ్లు గట్టిగా ఉన్నాయమ్మా. ఇది జబ్బు కాదు, చిన్నప్పుడు తాగిన నీళ్ళ మరక. వెనీర్, అదే ఆ తొడుగు, వేయాలంటే పన్ను పైపొర గీకాలి. గీకిన పొర మళ్ళీ రాదు. కొన్నేళ్ళకి అవి మార్చుకోవాలి, జీవితాంతం అదే పని. గీకకుండా మరకను రోంత తగ్గించే దారులు కూడా ఉన్నాయి. ముందు ఇది చెప్పు, ఈ పండ్లతో ఇబ్బంది ఎవరికి? నీకేనా?"

నేను నోరు తెరిచాను. "మాకే మేడం" అన్నాడు నాగేంద్ర. "సగం సగం ఎందుకు, తొడుగులే ఏసేయండి."

నోరు తెరిచే ఉంది కదా అని ఆమె ఎక్స్‌రే తీసింది.

పళ్ళు గీకడానికి డాక్టరమ్మ ఇచ్చిన రోజు నాగేంద్ర పని మీద ముందే ధర్మవరం వెళ్ళి, నన్ను బస్సులో రమ్మన్నాడు. దారిలో పెనుకొండలో దిగాను. అమ్మ పోయి నాలుగు నెలలు. పళ్ళు మారకముందు నాయన్ని ఒకసారి చూసి పోదామనిపించింది. ఎందుకో అడగకండి.

మా నాయన హనుమప్ప ఉప్పు డబ్బా వెతుకుతున్నాడు. ముప్పై ఏళ్ళు అమ్మ చేతి వంట తిన్నా ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో ఆయనకి ఇంకా తెలీదు. గోడకి అమ్మ ఫోటో ఉంది. కానీ నేను పంపింది కాదు. ఆధార్ కార్డులో బొమ్మని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు. పెదవులు బిగించి, కోపంగా. పెరట్లో కట్టెల మీద వాన పడకుండా ఫ్లెక్సీ కప్పి ఉంది, అమ్మ మొహం లోపలికి తిప్పి.

"ఫ్లెక్సీలో నవ్వే ఫోటో ఉండె కదా నాయనా, అది పెట్టొచ్చు కదా?"

"అది మీయమ్మ కాదు పాపా. ఎవురో టీవీలో ఆడమనిషి మాదిరి ఉండాది. నీ కాడ అసలుది ఉంటాది కదా? దాన్ని కడిగిచ్చుకోని రా. అడగాలనే ఉన్నా."

ఫోన్ తీశాను. గ్యాలరీ, బ్యాకప్, చెత్తబుట్ట. చెత్తబుట్ట ముప్పై రోజులకి దానంతటదే ఖాళీ అవుతుంది. షాపతనికి పంపింది దిద్దినదే. ఆ రోజు తొందరలో అసలు ఫోటో మీదే సేవ్ చేశాను. అసలు ఫైలు ముట్టుకోకూడదు, కాపీ మీదే పని చేయాలి అని ఆఫీసులో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది నేనే.

"లేదు నాయనా" అన్నాను. ఆయన నా మొహం చూసి మాట మార్చాడు. "రా, సంగటి తిందువు. నిన్న చేసింటి. కుక్కకి పెడితే అది సంగటిని చూసె, నన్ను చూసె, మళ్ళీ సంగటిని చూసె. తల వంచుకోని ఎల్లిపాయె పాపం."

నవ్వొచ్చేసింది. అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పోయింది.

నాయన గరిటె కింద పెట్టాడు. "చెయ్యి తియ్యి పాపా."

"ఏంది నాయనా?"

"చెయ్యి తియ్యి. రోంతసేపు చూడనీ."

తీశాను. నవ్వు అప్పటికే ఏడుపులోకి తిరిగింది గానీ పళ్ళు కనబడుతూనే ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. నా చిన్నప్పుడు ఈయనే చుట్టాల ముందు అమ్మని "ఏమే తుప్పుపండ్లదానా, నీళ్ళు తీసుకరా" అని పిలిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ కొంగు మళ్ళీ దిగలేదు. ఆమె చేతిని అక్కడ పెట్టించింది ఈయన. ఇప్పుడు ఆమె పోయాక, నా చెయ్యి తీయమంటున్నాడు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆ మాట ఆమెతో అనుంటే! ఆయన్ని తిట్టాలనిపించింది. కానీ ఆయన ఒట్టి మాటతో చేసిందే నేను వేలితో చేశాను. ఆమె పోయాక కూడా వదలకుండా.

ఫోన్ మోగింది. "యాడుండావు? ఈడ కుర్చీ ఖాళీగా ఉండాది" అన్నాడు నాగేంద్ర.

"డాక్టరమ్మకి ఇయ్యి."

ఆమె లైన్లోకి వచ్చింది. "మేడం, ఆ రోజు మీరు నన్నొకటి అడిగారు, ఇబ్బంది నీకేనా అని. నేను జవాబు చెప్పలేదు. నాకు కాదు మేడం. ఎప్పుడైనా నాకే అయితే, నేనే వస్తా. ఒక్కదాన్నే." ఆమె "సరేనమ్మా, అట్లే రా" అంది. వెనకనుంచి నాగేంద్ర ఏదో అంటున్నాడు. నెట్ బాలేదు, వినబడలేదు.

సోమవారం మీటింగులో కెమెరా పెట్టాను. ఒకరు కాస్త ఎక్కువసేపు చూశారు, చూడనీ. మరిది పెళ్ళికి ఇంకా మూడు వారాలుంది. ఆల్బంలో ఎక్కడ నిలబడాలో అప్పుడు చూసుకుంటాను. అమ్మ నవ్వుకి ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క కాపీ నా నోట్లో ఉంది. దాని మీద మాత్రం ఇంకేమీ సేవ్ చేయలేను.

మీ అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్విన ఫోటో మీ దగ్గర ఉందా? ఉంటే, దిద్దకుండా దాచండి. లేకపోతే ఆ చెయ్యి ఎవరి మాటకి అక్కడికి పోయిందో నాకు రాయండి. మీ మాటకే అయినా సరే. నేను చెప్పాను కదా.