చీరాల వదిన వండిన అన్నం

చీరాల నుంచి అన్నా వదినలు సిరిసిల్లలో దిగి మూడు రోజులైంది, సత్యవ్వకు వాళ్ల తీరు ఇంకా అంతుపట్టలేదు. అన్న బుచ్చయ్య కోరుట్లలో ఆమెతో పాటు పుట్టి పెరిగినవాడే. కానీ ఇరవై రెండేళ్ల కిందట మగ్గం పని వెతుక్కుంటూ చీరాల పోయి, అక్కడి పిల్లనే చేసుకుని, అక్కడే పాతుకుపోయాడు. ఇప్పుడు పెళ్లాంతో ఒక మాట తీరు, చెల్లెతో ఒక మాట తీరు. రెండూ కలగాపులగమైనప్పుడు ఆయనది ఏ ఊరో ఆ దేవుడికే తెలియాలి.

ఇక వదిన నాగరత్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. వచ్చిన పూటే "సత్యవ్వ" అని పిలవడానికి నోరు రావట్లేదంది. వాళ్ల దిక్కు అవ్వ అంటే ముసలమ్మట. "నాకంటే చిన్నదానివి, నిన్ను పట్టుకుని అవ్వా అని ఎలా పిలుస్తానమ్మా" అని తనే "సత్యం" అని కొత్త పేరు పెట్టేసింది. పొద్దున లేస్తే కాఫీ కావాలి. కాఫీపొడి కోసం సత్యవ్వ మొగుడు రాజలింగం సిరిసిల్లలో మూడు దుకాణాలు తిరిగాడు. పచ్చిపులుసు పోస్తే, "అయ్యో, చారు కాచడం మర్చిపోయావా?" అంది. మక్కజొన్న రవ్వతో కాచిన గట్క చూసి, "ఇది జ్వరమొచ్చిన వాళ్లకా?" అని అడిగింది.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ సత్యవ్వ వాళ్లను పిలిపించింది నవ్వులాటకు కాదు. ఆమెకు ఒక్కడే కొడుకు, నారాయణ. పంతొమ్మిదేళ్లు. సాంచాలు నడుపుతాడు, అంటే కరెంటు మగ్గాలు. ఒకరి జోలికి పోయే పిల్లవాడు కాదు. అయితే ఏం, ఈ రోజుల్లో జోలికి పోవాలని ఎక్కడుంది? పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటే చాలు, నక్సలైట్లతో తిరుగుతున్నాడని పోలీసుల కన్ను పడుతుంది. ఎదురింటి శంకరవ్వ కొడుకును పోలీసులు జీపెక్కించుకుపోయి నెల దాటింది, బతికున్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. అందుకే కొడుకును అన్న వెంట చీరాల పంపించెయ్యాలని సత్యవ్వ ఆశ. ఉత్తరంలో ఆ మాట రాయలేదు. ఉత్తరాలు ఎవరెవరు విప్పుతున్నారో ఏమో! "ఒక్కపారి వచ్చి పోండ్రి" అని మాత్రం రాయించింది.

వాళ్లు వచ్చారు, సరే. అడగడం ఎట్లా? ఉన్నదున్నట్టు చెబితే వదిన జడుసుకుని, మా ఇంటికొద్దు తల్లీ అంటుందేమో. చెప్పకుండా ఎట్లా తీసుకుపొమ్మనడం? ఇట్లా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే వదిన ఆరాలు మొదలయ్యాయి.

"నారాయణ ఎంతవరకు చదివాడు? సిగరెట్లు గట్రా కాలుస్తాడా? స్నేహితులెవరు? రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తాడు?"

ఇవే మాటలు, అచ్చం ఇదే వరుసలో, శంకరవ్వను పోలీసులు అడిగారు. ఈ వాడలో ఒకరి కొడుకు గురించి ఒకరు అడగరు, అడిగితే చెప్పరు.

"నాకేం తెల్వది వదినా."

"కన్నకొడుకు ఎప్పుడొస్తాడో తెలీదా?"

"తెల్వది."

నాగరత్నం ముక్కున వేలేసుకుంది. అక్కడితో ఆగిందా? గడప మీద కూర్చుని, తలుపు బార్లా తెరిచి, దారిన పోయే ప్రతి పిల్లవాడినీ "ఏ ఇంటి అబ్బాయివి బాబూ, మీ నాన్నేం చేస్తాడు?" అని పలకరించడం మొదలుపెట్టింది. వాడ వాడంతా ఆ గడప ముందు నుంచి నడవడం మానేసి వెనక సందు పట్టింది. "సత్తెవ్వా, గామె ఎవలే?" అని పక్కింటి మల్లక్క దొడ్డి గోడ మీది నుంచి గుసగుసగా అడిగింది. "మా వదినే" అంటే నమ్మినట్టు కనిపించలేదు.

మూడో రోజు సత్యవ్వ చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పడానికి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. వచ్చేసరికి వదిన చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి వంటింట్లో ఉంది. పొయ్యి పక్కన అన్నం గిన్నె. మామూలు గిన్నె కాదు, పెళ్లిళ్లకు తీసే పెద్ద గిన్నె. నిండా అన్నం.

"ఇంత బువ్వ ఎందుకు వదినా!" సత్యవ్వ గబగబా గిన్నె మీద మూత పెట్టింది.

"రోజూ నువ్వే చాకిరీ చేస్తున్నావు, ఈ పూట నేను చేద్దామని. మిగిలింది గంజీ మజ్జిగా పోసి పెడితే పొద్దున్నే చద్దన్నం. మూడు రోజులు చూశాను, మీ ఇంట్లో రాత్రి మెతుకు మిగల్చరేంటి?"

"గిక్కడ సద్ది ఉంచరు."

"ఎందుకుంచరు?"

ఏమని చెప్పాలి? సత్యవ్వ కూడా సద్ది తిని పెరిగిన మనిషే. కానీ అడవిలో తిరిగే నక్సలైటు అన్నలు ఏ ఇంట్లోనో అన్నం తిని పోతారని, పోలీసులు తెల్లారగట్ల వచ్చి వంటిళ్లు సోదా చేస్తారు. మూతలెత్తి చూస్తారు. ఇంట్లో తలలెన్ని, గిన్నెలో అన్నమెంత? లెక్కకు మించి ఉంటే ఎవరి కోసం వండావంటారు. శంకరవ్వ ఇంట్లో అట్లా మిగిలిన అన్నమే ఆమె కొడుకును జీపెక్కించింది. అప్పటి నుంచి ఈ వాడలో ఆడవాళ్లు తలకింతని కొలిచి వండుతున్నారు. ఇదంతా చెబితే వదిన నారాయణను తీసుకుపోతుందా? పారబోద్దామంటే మోరీ కాలువలో అన్నం కనబడటం ఇంకా ముప్పు.

అందరూ తిన్నాక కూడా సగం గిన్నె మిగిలింది. రాజలింగం రాత్రి పాళీకి సాంచాల దగ్గరికి పోయాడు. నాగరత్నం మొగుడితో అనడం గోడవతల నుంచి సత్యవ్వకు వినబడింది. "నాకేం నచ్చలేదండీ. ఏది అడిగినా తెలీదంటుంది. ఏదో దాస్తోంది. రేపు వెళ్లిపోదాం." ఏం నచ్చలేదు? తానేం తప్పు చేసింది? ఎంత ఆలోచించినా తెలిసి రాలేదు.

తెల్లవారి బుచ్చయ్య చెంబు పట్టుకుని మానేరు వాగు దిక్కు పోయాడు. ఆయన అటు పోగానే ఇటు జీపు వచ్చింది. కొత్తగా వచ్చిన ఇనస్పెక్టరు, వెనక నలుగురు జవాన్లు. తిన్నగా వంటింట్లోకి వచ్చి లాఠీతో గిన్నె మూత ఎత్తాడు.

"ఎవరికే ఇంత అన్నం? ఎంతమందొచ్చారు రాత్రి?"

నాగరత్నం జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. అతని మాటలో తమ దిక్కు యాస వినగానే ఆమె మొహం విప్పారింది.

"మాకే బాబూ, చద్దన్నం. నేనే వండాను. మీదే ఊరు? బాపట్ల వైపా?"

ఇనస్పెక్టరు ఆగాడు. "రేపల్లె దగ్గరమ్మా."

"అనుకున్నాను! మాది చీరాల. ఆడపడుచు ఇంటికొచ్చాం. అమ్మా నాన్నా ఊళ్లోనే ఉన్నారా? పెళ్లయిందా?"

ఏమిటీ మనిషి, పోలీసులను పట్టుకుని ఆరాలు తీస్తోంది! వింతేమిటంటే అతను జవాబిస్తున్నాడు. కానీ అతని చూపు గోడవారగా నిలబడ్డ నారాయణ మీద పడింది.

"వీడెవడు?"

నాగరత్నం సత్యవ్వ మొహం వైపు చూసింది. రక్తం లేని ఆ మొహంలో ఏం కనబడిందో గానీ, అరక్షణం కూడా తడుముకోలేదు.

"మా పెద్దవాడు బాబూ. మాతోనే వచ్చాడు, ఈ పూట బస్సుకి మాతోనే వెళ్తున్నాడు."

"పేరేంట్రా?"

"నారాయణ," అన్నాడు వాడు. అంతకు మించి నోరు విప్పితే ఏ ఊరివాడో తెలిసిపోతుందని వాడికీ తెలుసు.

ఇనస్పెక్టరు చప్పున సత్యవ్వ వైపు తిరిగాడు. "వీడు నీ కొడుకు కాదూ?"

మూడు రోజులుగా అడిగిందానికల్లా తెల్వదన్న సత్యవ్వ ఇప్పుడు జవాబు చెప్పాల్సి వచ్చింది.

"కాదు సారూ. మా అన్న కొడుకు."

"నీకెంతమంది పిల్లలు?"

"లేరు సారూ. నాకు పిల్లల్లేరు."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత లాఠీ చంకన పెట్టుకున్నాడు. "ఈ పూటే బయల్దేరండమ్మా, ఈ ఊళ్లో ఉండకండి. బస్టాండు దాకా మావాడు తోడొస్తాడు," అని ఒక జవానును గడప దగ్గర వదిలి వెళ్లిపోయాడు.

నాగరత్నం పెట్టె సర్దుతూ గొంతు తగ్గించి తిట్టింది. "ముందే చెప్పొచ్చు కదే పిచ్చిదానా!"

"చెప్తే తీస్కపోతరో లేదోనని..."

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? మా అమ్మాయిని కోడల్ని చేసుకుంటానని అడగడానికి పిలిపించావనుకున్నాను. అందుకే కదా ఇల్లూ వాకిలీ, గుణం గోత్రం అన్నీ ఆరా తీశాను!"

ఆ ఆరాలన్నీ అందుకా? సత్యవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి, గడప దగ్గర జవాను ఉన్నాడని రెండింటినీ మింగేసింది. బుచ్చయ్య చెంబుతో తిరిగొచ్చేసరికి అతనికి కొడుకొకడు పుట్టి ఉన్నాడు. ఏం జరిగిందో అతనికి బస్టాండు వచ్చేదాకా అర్థం కాలేదు.

కరీంనగర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. రాజలింగానికి కబురు చేసే వ్యవధి కూడా లేకపోయింది. జవాను నాలుగడుగుల దూరంలో బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. నారాయణ ఎక్కబోయి ఆగి వెనక్కు తిరిగాడు. వాడి నోట ఏ మాట బయటపడుతుందోనని సత్యవ్వే ముందు నోరు తెరిచింది. దగ్గరికి పోలేదు, వాడి తల నిమరలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు దూరం నుంచే, జవానుకు వినబడేటట్టు గట్టిగా అంది.

"మీ అమ్మను మంచిగ చూసుకో అల్లుడా."

"సరే అత్తా," అన్నాడు నారాయణ.