ఏడు మంచాల గది

పిల్లల బస్సులు రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆడపిల్లల హాల్లోని ముప్ఫై ఆరు పరుపులనూ ఎండలో వేసి, కర్రతో దులిపి, మళ్లీ మంచాల మీదకు చేర్చేసరికి దుప్పట్ల పిన్ని నడుము ఆవిడ మాట వినడం మానేసింది. అయినా ఆవిడ ఊరుకునే రకం కాదు. ఏటా వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిలు కథలూ పాటలూ ఈతా నేర్పే ఆ క్యాంపులో ఇరవై ఆరేళ్లుగా పక్కలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తున్నాయి. పాస్టరుగారి నుంచి పాలపళ్లు ఊడని పిల్లల దాకా అందరికీ ఆవిడ పిన్నే. దుప్పటి మూల ఎవరైనా వంకరగా మడిచారా, ఒంటికాలి మీద లేస్తుంది. పాస్టరుగారైనా సరే.

ఆవిడకొక పద్ధతి ఉంది. ముప్ఫై ఆరు పరుపుల మీదా ముందు రబ్బరు షీటు, దాని మీద దుప్పటి. పక్క తడిపే పిల్లలు ప్రతి ఏడూ ఐదారుగురు ఉంటారు. తల్లులు ఆ సంగతి దరఖాస్తు అడుగున, ఎవరి కంటా పడకూడదన్నంత చిన్న అక్షరాలతో రాసి పంపుతారు. రబ్బరు షీటు అందరికీ ఉంటే అది ఎవరికోసం వేశారో ఎవరికీ తెలియదు. రాత్రి వేసుకునే గౌన్లు కూడా క్యాంపే ఇస్తుంది. అన్నీ ఒకే నీలం గుడ్డ, పిన్నే కుట్టింది. ఒక్క పువ్వయినా వేయొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నాకు పువ్వులు రావు అని నోరు మూయిస్తుంది. పువ్వులు బ్రహ్మాండంగా కుట్టగలదు.

మర్నాడు పొద్దున పిన్ని హాల్లోకి వచ్చేసరికి రబ్బరు షీట్లన్నీ తలుపు వారగా కుప్పపడి ఉన్నాయి. పక్కనున్న చిన్న గదిలో మాత్రం ఏడు మంచాలు వేసి, ఏడింటి మీదా షీట్లు బిగించి ఉన్నాయి. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో ఏడుగురు పిల్లల పేర్లు. దరఖాస్తు అడుగున చిన్న అక్షరాలతో వచ్చిన పిల్లలే ఏడుగురూ.

చేసింది చిట్టి టీచరు. ఈ ఏడే ఆడపిల్లల హాలుకి ఇన్‌ఛార్జి అయింది. తొమ్మిదేళ్ల వయసులో ఇదే క్యాంపుకి వచ్చి, ఇక్కడే పాటలు నేర్చుకుని, పెద్దయ్యాక ఇక్కడికే తిరిగొచ్చిన పిల్ల. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతుంది. మనసు వెన్న. చేసిన పని చూపించడానికి ఆత్రంగా ఎదురొచ్చింది.

"ఎలా ఉంది పిన్నీ? బాత్రూం పక్కనే, లేవడానికి భయపడక్కర్లేదు. మిగతా పిల్లలకి ఆ రబ్బరు మీద చెమటతో దొర్లే బాధ తప్పుతుంది. మీకు అన్ని షీట్లు కడిగే పనీ తప్పుతుంది."

"నా పని గురించి నేను మీకెప్పుడైనా చెప్పుకున్నానా టీచరుగారూ?"

పిన్ని తనని మీరు అందంటే కోపం వచ్చినట్టే. చిట్టికి అది తెలుసు. చేతిలో ఉన్న జాబితా కిందికి దించింది.

"వాళ్ల మంచికేగా పిన్నీ."

"ఈ గది అప్పట్లో కూడా వాళ్ల మంచికే పెట్టారు. రెండో రోజుకల్లా పిల్లలు దీనికి చెరువు గది అని పేరు పెట్టేశారు. ఇందులో పడుకున్న ఒక పిల్ల మూడో రోజు పొద్దున్నే పెట్టె సర్దుకుని పోయి గేటు దగ్గర నిలబడింది. ఎంత బతిమాలినా లోపలికి రాలేదు, ముద్ద ముట్టలేదు. సాయంత్రం వాళ్ల నాన్న వచ్చేదాకా అలా నిలబడే ఉంది. అప్పుడు నేను ఇక్కడ గదులు ఊడ్చేదాన్ని. ఆ రోజే తీర్మానం చేసుకున్నాను, ఈ గదిలో ఇంకెవర్నీ పడుకోనివ్వకూడదని."

"ఈ పిల్లల్ని అలా కానివ్వను పిన్నీ. ప్రార్థన చేసుకోమని చెప్తాను. నా సాక్ష్యం చెప్తాను. నాకు జరిగింది వీళ్లకెందుకు జరగదు?"

ఆ సాక్ష్యం క్యాంపులో తెలియనివాళ్లు లేరు. చిన్నప్పుడు చిట్టి కూడా పక్క తడిపేది. క్యాంపుకొచ్చిన మొదటి రాత్రి తడిపింది. మర్నాడు రాత్రి మంచం పక్కన మోకరించి, యేసయ్యా నా పరువు కాపాడు అని ఏడ్చింది. తెల్లారి లేచి చూస్తే పక్క పొడిగా ఉంది. ఆ రాత్రే కాదు, మిగతా నాలుగు రాత్రులూ అంతే. ఆయన ఉన్నాడని ఆ రోజే నమ్మానని ఏటా వేదిక మీద నిలబడి చెప్తుంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. వెనక గోడకి ఆనుకుని పిన్ని తల దించుకుంటుంది.

దుప్పట్లు ఆరేసే నెపంతో పిన్ని పెరట్లోకి వెళ్లిపోయింది. చెప్తే ఆ పిల్ల నమ్మకం వేళ్లతో సహా ఊడిపోతుందేమో. చెప్పకపోతే ఏడుగురు పిల్లలు ఆ గదిలో పడుకుంటారు. ఏది చేసినా ఎవరి ప్రాణమో ఉసూరుమంటుంది. ఒకే దుప్పటిని మూడుసార్లు మడిచి మూడుసార్లు విప్పింది. కూరగాయలు కడుగుతున్న వంటమాస్టరు అది చూసి, "ఆ దుప్పటి ఏం పాపం చేసింది పిన్నీ?" అన్నాడు. పిన్ని దుప్పటిని అలాగే చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది.

చిట్టి చిన్న గదిలోనే ఉంది, దిండ్లు సర్దుతోంది.

"కూర్చో చిట్టీ. కోపం వస్తే నన్ను తిట్టు గానీ, నేను చెప్పేది పూర్తిగా విను. మీ అమ్మ నీ కాగితంలో ఏమీ రాయలేదు. మొదటి రాత్రి తెల్లారాక తడిసిన దుప్పటిని నువ్వు పరుపు కింద దాచావు. పక్కలు సర్దుతుంటే నా చేతికి తగిలింది. రెండో రాత్రి నుంచి మూడింటికల్లా లేచి నీ దగ్గరికొచ్చాను. దుప్పటి మార్చాను. గౌను మార్చాను, అన్నీ ఒకేలా ఉంటాయిగా. నీకు మెలకువ రాలేదు. పక్క తడిపే పిల్లలు మొద్దులా నిద్రపోతారు."

చిట్టి చేతిలో దిండు అలాగే ఉండిపోయింది.

"ఐదు రాత్రులూనా?"

"ఐదు రాత్రులూ."

"నేను ఏటా అది చెప్తుంటే వెనక నిలబడి విన్నారు."

"విన్నాను."

"నవ్వుకున్నారా?"

"లేదమ్మా. యేసయ్య పనిలో చెయ్యి పెట్టి, చెప్పకుండా తప్పించుకున్నట్టు ఉండేది. ఎన్నోసార్లు చెప్దామని వచ్చాను. నీ మొహం చూశాక నోరు పెగిలేది కాదు."

చిట్టి దిండును ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. కిటికీ అవతల గడ్డి కోసే యంత్రం ఒకసారి మొరాయించి మళ్లీ మొదలైంది. ఈ పిల్ల ఇప్పుడు లేచి వెళ్లిపోతే తను ఏం చెయ్యాలో పిన్నికి తెలియదు.

"మరి ఇంటికెళ్లాక?" అంది చిట్టి చివరికి. "ఇంట్లో మళ్లీ ఒక్కసారి కూడా తడపలేదు పిన్నీ. అమ్మ నెల రోజులు ఆశ్చర్యపోయింది. అదెవరు చేశారు?"

పిన్నికి ఈ సంగతి కొత్త. ఇన్నేళ్లూ ఆ సాక్ష్యాన్ని సిగ్గుతో సగమే వినేది. కొంచెంసేపు నిజాయితీగా ఆలోచించింది.

"అది నేను కాదమ్మా. మీ ఇంటికి నేను రాలేదు."

చిట్టి నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. పిన్ని ఆ తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఆవిడ కళ్లూ ఆగలేదు. ఇరవై ఏళ్లకు పైగా కడుపులో దాచుకున్నది దిగిపోయి, ఒళ్లంతా తేలికైంది.

కాసేపటికి చిట్టి ముక్కు తుడుచుకుని లేచింది. తలుపు మీది కాగితం పీకి, చించి, ఆ ముక్కల్ని జేబులో వేసుకుంది. ఏడు మంచాల మీది రబ్బరు షీట్లు విప్పి ఎత్తుకుని పెద్ద హాల్లోకి నడిచింది. ఇద్దరూ కలిసి ఒక్కో మంచం మీదా షీటు పరిచి, పైన దుప్పటి బిగించుకుంటూ వెళ్లారు. పన్నెండో మంచం దగ్గర చిట్టి ఆగింది.

"ఈసారి రాత్రుళ్లు మీరొక్కరే ఏడుగురికి మార్చలేరు. మీ నడుం సంగతి నాకు కనిపిస్తూనే ఉంది. నాకు నేర్పండి."

"దానికేముంది. పిల్లని ఇటు తిప్పి, అటు లాగడమే."

"చెప్తే రాదు, చూపించండి."

అంటూనే చెప్పులు విడిచి ఆ మంచం ఎక్కేసింది. ముప్ఫై ఏళ్ల మనిషి, పిల్లల మంచం, కాళ్లు బయటికి వచ్చేశాయి. మోకాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది.

పిన్ని చీర చెంగు నడుముకు దోపుకుంది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, మెల్లగా తనవైపుకి దొర్లించుకుంది. పాత దుప్పటిని చుట్టుకుంటూ వీపు దాకా తెచ్చింది. పెరట్లోంచి తెచ్చిన దుప్పటిని దాని వెంటే పరిచింది. మళ్లీ అటు దొర్లించి, రెండోవైపు నుంచి పాతది లాగేసి, కొత్తది బిగించింది. చెంప కింద నలిగిన జుట్టును వేలితో తీసి వెనక్కి సర్దింది. అలవాటుగా, నుదుటి మీద అరచెయ్యి ఆనించి పెదవులు కదిపింది.

"అప్పుడు కూడా ఇలాగేనా?" అంది చిట్టి. కంటి చివర నుంచి నీళ్లు దిండులోకి జారుతున్నాయి.

"ఇలాగే. కాకపోతే అప్పుడు నువ్వు ఇంత బరువు లేవు."

"ఆ ప్రార్థన కూడానా?"

"అది లేకుండా ఎప్పుడైనా పక్క మార్చానా?"

చిట్టి కళ్లు తెరవలేదు. లేవనూ లేదు.

"సరిగ్గా అర్థం కాలేదు పిన్నీ," అంది. "ఇంకొక్కసారి చూపించండి."