రి నుంచి గ దాకా

వీణ మీద హర్షిత వేలు రి మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడే ఉండి తీగను పక్కకు లాగి గ పలికించింది. వినడానికి బాగానే ఉంది. బాగుండడమే గోపాలప్పకు గుచ్చుకుంది.

ఆయన నేర్పేది మైసూరు బాణీ వీణ. ఆయనకు తెలిసిన బాణీలో వేలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారాలి. ఉన్నచోటే నిలిచి తీగ లాగడం తంజావూరు వాళ్ళ పద్ధతి. ఎనిమిదేళ్ళుగా ఈ అమ్మాయి బెళ్ళందూరు నుంచి కె.ఆర్.పురానికి వచ్చి జారడమే నేర్చుకుంది. రెండు నెలలుగా లాగుతోంది. వాళ్ళ అపార్ట్‌మెంట్లోకి తంజావూరు పద్ధతి నేర్పే టీచరమ్మ ఒకావిడ వచ్చిందని కూడా ఆయన చెవిన పడింది. అప్పటి నుంచి హర్షిత ఆలస్యంగా వస్తే ఒక అనుమానం, వేళకు వస్తే ఇంకొకటి.

వచ్చే ఆదివారం సభలో ఆమె మొదటి కచేరీ. ఆహ్వాన కార్డులో ఆమె పేరు కింద ఆయన పేరు, ఆయన గురువు పేరు, బాణీ పేరు. కార్డు ఈ రోజే అచ్చుకు పోతుంది. ఆమె పేరు తీయించాలంటే ఇప్పుడే చెప్పాలి.

“ఎడమ చెయ్యి చూపీ,” అన్నాడు.

వేలి కొసన జారుడుకు పడిన పాత గీత నునుపెక్కింది. దాని పక్కన కొత్త కాయ.

“ఎవరి దగ్గరికి పోతా ఉండావమ్మీ?”

“యాడికీ పోలేదు మేష్ట్రే.”

“మరి ఈ కాయ ఆకాశం నుంచి ఊడిపడిందా?”

“మీ దగ్గర నుంచే వచ్చింది.”

ఎదురు చెప్పడం కూడా ఆ టీచరమ్మ దగ్గరే నేర్చుకుందేమో అనుకున్నాడు. హర్షిత ఫోన్ తీసింది. ఇంట్లో సాధనకని ప్రతి పాఠం వీడియో తీసుకుంటుంది. అందులో ఒక చెయ్యి, పచ్చరాయి ఉంగరం. వేలు రి మీద ఆగింది. తీగను లాగింది. గోపాలప్ప రెండుసార్లు చూశాడు. ఉంగరం తనదే.

కాఫీ తెచ్చిన భార్య అనసూయ తొంగిచూసింది. “చలికాలం నుంచి భుజం పట్టేసి ఉండాది కదా! చొక్కా తొడిగేది నేనే. అడిగితే మాత్రం ఏమీ లేదంటారు.”

చెయ్యి జరగనని మొరాయిస్తే వేలు తన దారి చూసుకుంది. ఆయనకు చెప్పలేదు.

అప్పుడు గురువుగారు గుర్తొచ్చారు. పాఠానికి ముందు ఎడమ చేతి వేళ్ళను వేడినీళ్ళ గిన్నెలో ఉంచుకునేవారు. నీళ్ళు మార్చేది గోపాలప్పే. అదొక నియమం అనుకున్నాడు. నొప్పి వేళ్ళతో తీగ లాగడం కష్టం. జారడం సులువు. తనకు వచ్చిన బాణీ ఆ నొప్పిదేనేమో.

ఫోన్ మోగింది. సభ కార్యదర్శి నాగరాజ్.

“ఏమప్పా, కార్డు పంపేదా?”

“పంపు.”

“మైసూరు బాణీ అనే వేసేది కదా?”

గోపాలప్ప కాఫీ లోటాను పక్కకు జరిపాడు. “వెయ్యి,” అన్నాడు చివరికి.

తన వీణకు గుడ్డ కప్పాడు. “ఇంక నా చెయ్యి చూడొద్దు. నేను పాడతాను, నువ్వు జారు.”

రి నుంచి గ దాకా పాడాడు. హర్షిత వేలు అచ్చం అలాగే జారింది.

ఆయన తృప్తిపడలేదు. మళ్ళీ పాడాడు, ఈసారి తన గొంతు కూడా ఏ దారి చూసుకుందోనని వింటూ.