దొరగారి వీధిలో వేడి ఇడ్లీ

నేను ఒక నల్లరాతి పలకను. భీమిలిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, కార్నెలిస్ వాన్ బ్రూక్ అనే డచ్చి నావికుడి పేరు మోస్తూ నిలబడి ఉంటాను. ఆయన సముద్రాలన్నీ చుట్టి కొత్త దీవులు కనిపెట్టాడట. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క లారీ ఎక్కాను, అదీ పడుకుని.

నన్ను చెక్కిన కొండలు అనే మేస్త్రికి ఎక్కువగా వచ్చేది సమాధుల పని. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోదు కదా. నా నెత్తి గుండ్రంగా తిప్పాడు. దొరగారి పేరు కింద ఒక పువ్వు, పువ్వు కింద ‘జననం 1608’, దాని కింద ‘మరణం 1664’ ఎంతో శ్రద్ధగా చెక్కాడు. చరిత్ర మాస్టారుగా రిటైరైన సుందరశివరావు గారు నన్ను వీధి మొదట్లో పాతించి, కొబ్బరికాయ కొట్టి, ఇకమీదట ఇది దొరగారి వీధి అని ప్రకటించి ఇంటికెళ్లారు.

చిక్కల్లా నా ఎదుట టిఫిన్ హోటల్ నడిపే నూకరత్నానికి వచ్చింది. మా ఊళ్లో డచ్చివాళ్ల పాత సమాధులున్నాయి. పుట్టిన, పోయిన ఏళ్లు చెక్కిన రాయి అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఇడ్లీకి వచ్చినవాళ్లు నన్ను చూసి, ప్లేటు కింద పెట్టి, స్నానం చేసి వస్తామని వెళ్లేవారు. స్నానం చేశాక ఇంకో హోటల్‌కి వెళ్లేవారు. పదకొండు రోజులు ఆ ఇడ్లీలు ఆమె ఇంటిల్లిపాదీ తిన్నారు. ఇంకో నెల ఇలాగే గడిస్తే పొయ్యి ఆర్పేసి ఎవరింట్లోనో వంటకి కుదరాల్సిందేనని ఆమె మొగుడితో అంటుంటే విన్నాను. నాకు సిగ్గేసింది. రాళ్లకు సిగ్గేస్తే చెమట పడుతుంది, జనం అది మంచు అనుకుంటారు.

రాయి తీసెయ్యమని ఆమె మాస్టారిని అడిగింది. సమాధికీ స్మారకానికీ తేడా ఆయన పావుగంట వివరించారు.

“లోపల మడిసి లేడని నాకు తెల్సు మాస్టారూ. తినీవోలకి తెలవాలి కదా,” అంది నూకరత్నం.

మర్నాడు మైదా జిగురు ఉడికించి, మరణం వరస మీద ఒక అట్టముక్క అంటించింది. ఇప్పుడు నన్ను చదివితే ఇలా ఉంటుంది: ‘మహా నావికుడు కార్నెలిస్ వాన్ బ్రూక్. జననం 1608. వేడి ఇడ్లీ కలదు.’

జనం ఆగి చదివారు. చనిపోయిన ఏడాది వెయ్యలేదంటే మనిషి ఉన్నట్టే కదా అన్నాడు చేపలమ్మే ఎర్రయ్య. ఉంటే, ఏం తిని ఉన్నాడో కిందే రాసి ఉంది. వారం తిరిగేసరికి బల్లలు చాలలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు రెండు పూటలా వచ్చారు.

అలా ఉండగా మాస్టారు హాలెండ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడని వెంటబెట్టుకొచ్చారు. పాత నావికుల మీద పుస్తకం రాస్తోందట. నన్ను చూడగానే మాస్టారి ముఖం పాలిపోయింది. గబగబా అట్ట పీకబోయారు. నూకరత్నం గరిటెతో సహా అడ్డం వచ్చింది.

“అది పీకితే నా పొయ్యి ఆరిపోద్ది.”

ఏం రాసుందని పెద్దావిడ అడిగింది. ముప్పయ్యేళ్లు చరిత్ర చెప్పిన నోరు, అబద్ధం ఆడలేక, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. ఆవిడ వేళ్లు మడిచి దొరగారి వయసు లెక్క చూసుకుంది. బల్ల మీద కూర్చుని నాలుగు ఇడ్లీలు తిని, ఆయన ఇంకా ఉన్నాడా అని అడిగించింది.

“ఉన్నాడని నానెప్పుడన్నాను? పోయాడని ఆ రాయి మీద ఎక్కడుందో సూపించమను,” అంది నూకరత్నం.

ఆవిడ పడీపడీ నవ్వి ఇంకో ప్లేటు అడిగింది. మాస్టారు అట్ట వంక చూశారు, ప్లేటు వంక చూశారు, చివరికి ఆవిడ పక్కనే కూర్చున్నారు.

వానాకాలంలో అట్ట తడిసి ఊడుతూ ఉంటుంది. ఊడినప్పుడల్లా ఎవరో తెల్లారకముందే కొత్తది అంటించి పోతున్నారు. ఈసారి దాని మీద ‘అల్లం పచ్చడి కూడా’ అని ఉంది. అక్షరాలు బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, ఒకే వరసలో ఉన్నాయి.