ఏసమ్మత్త కొలత

కంప్యూటర్లో ప్లాను గీయడం కష్టం కాదు. గీసినదాన్ని మా విక్టర్ మావయ్యకి చూపించడమే కష్టం.

చీపురుపల్లిలో నేను ప్లాన్లు గీసే ఆఫీసు నడుపుతాను. 2015లో మా బాప్టిస్టు సంఘం కొత్త చర్చి కట్టాలనుకునేసరికి ప్లాను నా నెత్తిన పడింది. కమిటీ పెద్ద మావయ్యే. రైల్వేలో రిటైరై, తోచక, చర్చి మీద పడ్డాడు.

ఆ చర్చిలో అన్నిటికంటే ముఖ్యం బాప్తిస్మపు తొట్టె. మాలో బాప్తిస్మమంటే మనిషిని వెల్లకిలా వాల్చి పూర్తిగా నీళ్లలో ముంచాలి. అందరం ఏట్లో తీసుకున్నవాళ్లమే. మా నాన్న అక్క ఏసమ్మత్తకి మాత్రం దక్కలేదు, మొగుడు ఒప్పుకోలేదు. ఆయన పోయేసరికి ఈవిడ మోకాళ్లు పోయాయి. ఏటి గట్టు దిగలేదు. "తొట్టె బేగి గీసీయే షీబా, సచ్చిపోయేలోగా మునుగుతాను" అని నా ప్రాణం తీసింది. ఈస్టరుకి ఇస్తామని పాస్టరుగారు మాటిచ్చారు.

కంప్యూటర్లో గీసేది అసలు కొలతలోనే. కాగితం మీదికొచ్చేసరికి అది నూరో వంతవుతుంది. అందుకే కాగితం మీద ఆవగింజకన్నా కాస్త పెద్దగా కనబడాల్సిన అంకెని కంప్యూటర్లో జానెడు ఎత్తున పెట్టాలి. ముందు కాగితం ఎంతో తేలాలి, తర్వాతే అక్షరం. ఈ ముక్క మావయ్యకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

"ఒసే షీబా, అచ్చరాలు సీమల్లాగున్నాయే. పెద్దవి సెయ్యి."

పెంచాను. అంకెలు గోడలెక్కి కిటికీల్ని మింగేశాయి. అయినా మళ్లీ వచ్చాడు. "ఇంకా సీమలేనే!"

కాగితం లాక్కుని చూద్దును కదా, అది నేనిచ్చింది కాదు. జిరాక్సు షాపులో సగానికి తగ్గించిన కాపీ.

"ఎందుకు తగ్గించావు మావయ్యా?"

"బైబిల్లో పట్టొద్దేటే? నీ కాయితం మంచం దుప్పటిలాగున్నాది."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ కాపీ పారేసి, పెద్ద కాగితమే పని దగ్గర ఉంచమన్నాను. "అలాగేలే" అంటూ కాపీని మడిచి మళ్లీ బైబిల్లో పెట్టుకున్నాడు.

గోడలు పెద్ద కాగితం చూసే లేచాయి. అది కాస్తా వానకి నానిపోయింది. తొట్టె వంతు వచ్చేసరికి మేస్త్రీ గంగులు చేతిలో మావయ్య బైబిల్లో దాచుకున్న కాపీ పెట్టాడు. అందులో అంకెలు కనబడవు. అడుగున "ఒక సెంటీమీటరుకి ఒక మీటరు" అన్న మాట మాత్రం, మావయ్య పట్టుబట్టి పెద్దక్షరాల్లో వేయించిన పుణ్యాన, చక్కగా కనబడుతోంది. కాపీ సగానికి తగ్గిందని తెలియని గంగులు స్కేలు పెట్టి కొలిచి కట్టేశాడు. ఎనిమిదడుగుల తొట్టె నాలుగడుగులైంది. తెల్ల టైల్సు కూడా అతికించేశారు. ఈస్టరు ఇంకో వారం ఉంది.

నేను అరిచిన అరుపులకి కమిటీ అంతా బయటికి నడిచింది. మావయ్య ఒక్కడే నిలబడ్డాడు.

"అరవకే. కంపూటర్లో ఎనిమిది కొట్టీసి నాలుగని రాసీ. సరిపోతాది."

"కాగితానికి సరిపోతుంది మావయ్యా. మనిషికి?"

"మనిషి ముడుసుకుంటాది."

తొట్టె చూడ్డానికని ఏసమ్మత్త కూడా వచ్చింది. మా చేతులు పట్టుకుని నీళ్లు లేని ఆ తొట్టెలోకి దిగి, మెల్లగా వెనక్కి వాలింది. తల ఈ గోడకి ఆనింది, మోకాళ్ల కిందనుంచి కాళ్లు ఆ గోడ మీదికి లేచిపోయాయి.

"ఏటే షీబా, కాళ్లు బయటుండిపోతన్నాయి. ఇన్నేళ్లు ఆగినదాన్ని, సగమే మునగాలేటే?"

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆవిణ్ని పైకి తీసి, పక్కనే నేల మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టాను. సున్నప్పొడి తీసుకుని, తల దగ్గరా కాళ్ల దగ్గరా మూరెడు వదిలి, చుట్టూ గీత గీశాను.

"గంగులన్నా, ఇదిగో కొలత. అంకె లేదు, స్కేలు లేదు. చదవడానికి ఏమీ లేదు."

మావయ్య బైబిల్ చంకలో పెట్టుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు. లేవమని అత్తకి చెయ్యి అందించాను. ఆవిడ పట్టుకోలేదు.

"సమ్మెట దెబ్బ ఇనబడితేగానీ నాను లెగను" అని కళ్లు మూసుకుంది.

గంగులు సమ్మెట ఎత్తాడు. మొదటి టైలు పగిలింది. అప్పుడు ఏసమ్మత్త చెయ్యి చాపింది.