మీటరు గుంటలో కోటు

కుళాయి తిప్పితే నీళ్ళు రాకపోతే పోనీ, బుస్సుమని గాలైనా రావాలి కదా. అదీ రాలేదు. యన్‌సిమ్ మర అటూ ఇటూ తిప్పి, ఎందుకు రాలేదో తనకేమీ తెలియనట్టు కుళాయి మూతిలోకి తొంగి చూసింది. తెలియకేం, శుభ్రంగా తెలుసు. ఆ నటన ఎవరి కోసమో మరి, వంటింట్లో ఇంకో మనిషే లేదు.

కొట్టు వెనక తొట్లలో సోయా గింజలు రాత్రంతా నాని ఉబ్బి కూర్చున్నాయి. ఈ పూట రుబ్బకపోతే పులిసిపోతాయి. రుబ్బాలన్నా, కాచాలన్నా, అచ్చుల్లో పోశాక చల్లార్చాలన్నా నీళ్ళే. టోఫు కొట్లో నీళ్ళు లేకపోవడమంటే మంగలి కొట్లో కత్తి లేకపోవడమే. జెచన్ ఊరి చలి గురించి కొత్తగా చెప్పేదేముంది గానీ, ఆ ఏడు మాత్రం అది మరీ బరితెగించింది.

కోడలు మిహ్యంగ్ చేతులు ఊదుకుంటూ లోపలికి వచ్చింది. "అత్తయ్యా, పక్కింటివాళ్ళకి వస్తున్నాయి. గడ్డకట్టింది మన పైపే. చిల్‌బోక్ బాబాయికి ఫోన్ చేశాను. చలికాలం ముందు నీళ్ళ మీటరు దగ్గర కారుతోందని వచ్చి విప్పింది ఆయనే కదా. సరిగ్గా కప్పి ఉండడు."

"కప్పే ఉంటాడులే," అంది యన్‌సిమ్. ఆ పైన రాబోయిన మాట మింగేసింది.

చిల్‌బోక్ కప్పాడు. దిట్టంగా కప్పాడు. తీసింది తను.

యన్‌సిమ్ భర్త దాల్‌సు పోయింది ఆ ఏడు వసంతంలోనే. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదు, ఆ వీధిలో ఎవరూ ఉంచరు. కర్మలు అయ్యాక మిహ్యంగ్ బీరువా ఖాళీ చేసి, మేజోళ్ళతో సహా మూటలు కట్టి, ఏటి ఒడ్డున కాల్పించింది. కోడల్ని అనడానికేం లేదు, పద్ధతి అది. యన్‌సిమ్ కూడా ఆ రోజు, మనిషే పోయాక బట్టలదేముంది, కాల్చేయండి అనే అంది. అంత నిబ్బరంగా అన్న మనిషికి నెల తిరక్కుండానే, ఒక్క పాత బనీనైనా దాచుకోనందుకు తనని తాను తిట్టుకోవడంతోనే పొద్దు గడిచిపోయేది.

ఆ తర్వాత, ఆకులు రాలే రోజుల్లో చిల్‌బోక్ వచ్చాడు. వాకిట్లో నేలలోకి దించిన మీటరు గుంట మూత తీసి, చలి తగలకుండా కుక్కిన గుడ్డలన్నీ బయటికి లాగాడు. వాటిలో గోధుమరంగు దూది కోటు ఒకటి బయటపడింది. ఎడమ చేతి మీద బొగ్గు బిళ్ళ తగిలి కాలిన మచ్చ. తెల్లారగట్ల గంట మోగించుకుంటూ టోఫు అమ్మడానికి దాల్‌సు ఏళ్ళ తరబడి తొడుక్కుని తిరిగిన కోటు. అది పాతబడ్డాక ఏ చలికాలంలోనో గుంటలో కుక్కింది కూడా ఆయనే. అందుకే మంటల్లో పడకుండా బతికిపోయింది. గుమ్మంలో నిలబడ్డ యన్‌సిమ్ దాన్ని చూసింది. చిల్‌బోక్ ఆమెని చూశాడు. కోటు దులిపి, మడతపెట్టి, మళ్ళీ గుంటలోనే పెట్టి మూత వేశాడు.

అప్పట్నించీ ఆవిడకి వాకిట్లోకి వెళ్ళినప్పుడల్లా చూపు ఆ మూత మీదే. నిన్న సాయంత్రం కొట్టు మూశాక రేడియోలో చలి ఇంకా ముదురుతుందని చెప్పారు. ఇక ఆగలేకపోయింది. మీటరుకి చలెయ్యకూడదని పెట్టిన కోటు, దానికి చలేస్తుందని ఈవిడ ఏడుపు. పిచ్చి కాకపోతే ఏమిటిది? కోటు తీసేసింది. బదులుగా టోఫు చుట్టే పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి, సరిపోతుందిలే అనుకుంది.

గదిలోకి తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన, తుప్పు వాసన. ప్రాణం ఉసూరుమంది. అయినా, నేల కింద నించి పొయ్యి వేడి పారే ఆ గదిలో బాగా వేడెక్కే మూల చూసి, దుప్పటి కింద పరిచి, దాని పక్కనే పడుకుంది. కాసేపటికి అడుగునించి వేడి పట్టి, కోటులోంచి మెల్లగా వాసనలు లేచాయి. కాగిన సోయాపాల వాసన, చవక సిగరెట్ల వాసన, వాటి అడుగున ఆయన వాసన. కోటుకి కాలిన ఆ చెయ్యి మీద తన చెయ్యేసుకుని, వసంతం నించి పట్టని నిద్ర ఆ రాత్రి పోయింది. ఆ నిద్రకి కట్టాల్సిన మూల్యమే ఇదిగో, ఈ ఎండు కుళాయి. కోటు ఇంకా దుప్పటి కిందే ఉంది. మిహ్యంగ్ కంట పడిందంటే మధ్యాహ్నానికల్లా బూడిదవుతుంది. ఇప్పుడు ఆవిడ భయమంతా అదే.

చిల్‌బోక్ పాత మోటారు సైకిలు ఎగువ వీధిలోంచి దగ్గుకుంటూ దిగింది. దాల్‌సుకి తమ్ముడిలాంటి స్నేహితుడు, ఊళ్ళో ఆయన్ని కుళాయిల చిల్‌బోక్ అంటారు. సంచీ దించుతూనే మొదలెట్టాడు. "ఏం వదినా, టోఫు లేదని ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. నన్ను చూసి నేనే మింగేసినట్టు మొహాలు పెట్టారు."

"నువ్వు మింగిన టోఫుకి లెక్కే లేదు కదా, వాళ్ళని ఏమనగలం," అంది యన్‌సిమ్, గొంతు మామూలుగా ఉంచుకుని.

ఆయన ముందు ఏ పనిముట్టూ బయటికి తియ్యలేదు. ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి అలాగే వదిలేయమన్నాడు. "నీళ్ళు సన్నబడి సన్నబడి ఆగాయా, ఒక్కసారే ఆగాయా?" అని అడిగాడు. పొద్దున చూసేసరికే లేవని మిహ్యంగ్ చెప్పింది. వంటింట్లోనూ లేవు, వాకిట్లోనూ లేవు, కాబట్టి జబ్బు ఆ రెండు పైపులూ విడిపోయే చోటికి ముందే ఉందన్నాడు. గోడ వెంట పైపుని రెంచి పిడితో తడుతూ, చెవి ఒగ్గి వింటూ బయటికి నడిచాడు. వాకిలి దాకా ఒకలా మోగిన పైపు, నేలలోకి దిగేచోట మొద్దుగా పలికింది.

"గుంటలోనే," అన్నాడు.

యన్‌సిమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

చిల్‌బోక్ మూత ఎత్తాడు. లోపల తడికి గడ్డకట్టిన పేపరు ఉండలు, నాలుగు గుడ్డపేలికలు. ఒక్క క్షణం అలాగే చూశాడు. తలెత్తి గుమ్మంలో ఉన్న వదినని చూశాడు. ఇంటి వెనకనించి యన్‌సిమ్ కొడుకు హోజిన్ అడుగుల చప్పుడు వినబడగానే, పేపర్లన్నీ గబగబా ఏరి తన పనిముట్ల సంచీలో కుక్కేసుకున్నాడు.

హోజిన్ పొగలు కక్కే కెటిలుతో వచ్చాడు. "తప్పుకోండి బాబాయ్, పోసేస్తాను."

"ఆగరా నాయనా. మరిగే నీళ్ళు పోస్తే మీటరు అద్దం ఠప్పుమంటుంది. గడ్డకట్టినదాన్ని బెదిరించకూడదు, బతిమాలాలి. ముందు గోరువెచ్చటివి తే."

హోజిన్ గుంటలోకి వంగి చూశాడు. "ఇదేంటి, లోపల కప్పినవేవీ? ఈ నాలుగు పేలికలేనా? మొన్న విప్పింది మీరే కదా బాబాయ్."

"నేనే."

"మళ్ళీ కప్పలేదా?"

చిల్‌బోక్ మీటరు అద్దం మీది మంచు వేలితో గీకుతూ, "మర్చిపోయుంటానురా," అన్నాడు. "ఈ మధ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాను. మీ పిన్ని నవ్వీ నవ్వీ చస్తోంది."

మిహ్యంగ్ మొహం ముడుచుకుంది. "వయసైపోయినప్పుడు పని ఒప్పుకోకూడదు బాబాయ్. కింద బజారు కుర్రాళ్ళని పిలుద్దామని నేను అంటూనే ఉన్నాను, అత్తయ్యే పడనివ్వలేదు. వీధిలో మిగతావాళ్ళ గుంటలు కూడా ఒకసారి తీసి చూసుకోమని చెప్పాలి."

అది మామూలు మాట కాదు. మీటరు గుంట కప్పడం మరిచిన మనిషిని ఆ ఊళ్ళో ఇంకే గుమ్మమూ పిలవదు. చిల్‌బోక్ తలదించుకుని గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డలు ముంచి, పిండి, పైపుకి చుడుతున్నాడు. ఆయన మెడ మీద తెల్ల వెంట్రుకల్ని చూస్తూ యన్‌సిమ్ నిలబడిపోయింది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి ఆవిడది.

ఆ పైపు ఆయనా దాల్‌సూ కలిసి వేసిందే. అంతకు ముందు ఆ వీధి ఆడవాళ్ళందరూ కింది బావి నించి కావిళ్ళతో మోసుకునేవాళ్ళు. టోఫు కొట్టు పెడతానని దాల్‌సు అన్నప్పుడు, నీళ్ళెవరు మోస్తారని యన్‌సిమ్ పెద్ద గొడవే చేసింది. మర్నాడే ఇద్దరూ పలుగులు పట్టుకుని ఎగువ వీధి నించి తవ్వుకుంటూ వచ్చారు. ఒకడు తవ్వుతుంటే ఒకడు పాటలు, పాట బాగాలేదని తిట్లు. మొదటిసారి కుళాయి తిప్పిన రోజు ఎర్రటి తుప్పునీళ్ళు వస్తే వీధి వీధంతా నవ్వింది. ఆ తుప్పునీళ్ళే గిన్నెడు పట్టుకుని దాల్‌సు గటగటా తాగేసి, "మా ఆవిడ చారు కంటే నయం," అన్నాడు. ఆ మాటకి నాలుగు రోజులు అన్నం వడ్డించలేదు ఆవిడ. ఎంత బాగుండేవి ఆ రోజులు. ప్రతి ఏడూ మొదటి మంచు పడగానే ఆయన గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డలు కుక్కుతుంటే, "నాకు దుప్పటి కప్పమంటే మాత్రం బద్ధకం," అని సాధించేది. "నువ్వు పగలవు, ఇది పగులుతుంది," అనేవాడాయన.

కాసేపటికి వంటింట్లో కుళాయి గురగురలాడింది. మిహ్యంగ్ పరుగెత్తింది. నీళ్ళు వచ్చాయి గానీ, అదే సమయానికి గుంటలో మీటరు పక్కన పైపు వంపులో బిగించిన ఎల్బో దగ్గర సన్నగా చిమ్మింది.

"అదీ సంగతి," అన్నాడు చిల్‌బోక్, మెయిన్ వాల్వు కట్టేస్తూ. "రాత్రే పగిలింది. ఇప్పటిదాకా ఆ మంచుగడ్డే దాన్ని పట్టుకునుంది. కరిగాకే బయటపడింది." పాత ఎల్బో విప్పి, మరలకి జనపనార చుట్టి, కొత్తది బిగించాడు. వాల్వు తిప్పి, వేలితో కీలు చుట్టూ తడిమి, పొడివేలు హోజిన్‌కి చూపించాడు. వంటింట్లో ధార తొట్లోకి ధనధనా పడింది.

"ఇప్పుడు కప్పాలి. పాత బట్టలేమైనా తెండి."

"ఎక్కడివి బాబాయ్? అన్నీ వసంతంలోనే పోయాయి," అంది మిహ్యంగ్.

చిల్‌బోక్ లేచి, తన ఒంటి మీది కోటు విప్పాడు. "ఇది పెడదాం. ఎలాగూ చిరిగిందే." గుంట అడుగున పరిచి, మీటరు చుట్టూ బుజ్జగించినట్టు సర్ది, మూత వేశాడు. ఒంటి మీద మోచేతులు చీకిపోయిన స్వెటరొకటే మిగిలింది. ఆ చలిలో పళ్ళు టకటకలాడుతున్నా పైకి ఈల వేస్తున్నాడు.

యన్‌సిమ్ ఇక నిలబడలేకపోయింది. గదిలోకి వెళ్ళింది. దుప్పటి తీసి, వెచ్చగా ఉన్న కోటుని రెండు చేతులా ఎత్తి, ఒక్కసారి మొహం దాంట్లో దాచుకుంది. తర్వాత బయటికి వచ్చింది.

"ఆయన మర్చిపోలేదు," అంది కోడలితో. "దిట్టంగా కప్పాడు. నిన్న సాయంత్రం నేనే తీశాను. పేపర్లు పెట్టింది కూడా నేనే. అవి ఆయన సంచీలో ఉన్నాయి, కావాలంటే చూడు."

మిహ్యంగ్ మొహం పాలిపోయింది. "మామయ్య కోటా? దీన్ని గదిలో, పక్కలో పెట్టుకుని పడుకున్నారా అత్తయ్యా? పోయినవాళ్ళ బట్టతో..." చెయ్యి చాచింది. యన్‌సిమ్ కోటుని గుండెకి హత్తుకుంది.

చాచిన చెయ్యి మధ్యలోనే ఆగింది. కోటు ముందు భాగాన, గోధుమరంగు గుండీల వరసలో ఒక్కటి ఎర్రగుండీ. కాపురానికి వచ్చిన మొదటి చలికాలం, జత గుండీ దొరక్క, తన కోటుది తెంపి మిహ్యంగ్ కుట్టినది. కొత్తకోడలు కుట్టిందోచ్ అని దాల్‌సు దాన్ని వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చూపించుకున్నాడు. సిగ్గుతో ఆ పిల్ల మూడు రోజులు బయటికి రాలేదు.

"ఇంకా ఊడలేదే," అంది మిహ్యంగ్. చాచిన చెయ్యి దించేసింది.

యన్‌సిమ్ ముగ్గురి మొహాలూ చూసింది. ఈల వేస్తూ వణుకుతున్న చిల్‌బోక్ దగ్గరికి వెళ్ళి, కోటు ఆయన భుజాల మీద వేసింది.

"తొడుక్కో."

"వదినా, ఇది అన్న కోటు. మీకు మిగిలింది ఇదొక్కటే."

"గుంటలో వద్దు, మంటలో వద్దు. తొడుక్కో."

"పోయినవాళ్ళది కదా బాబాయ్, మీకేమైనా అయితే?" మిహ్యంగ్ గొణిగింది.

"మీ మామయ్య బతికున్నన్నాళ్ళూ నాకు టోఫు పెట్టడం తప్ప ఏ హానీ చెయ్యలేదు. ఇప్పుడు కొత్తగా మొదలెడతాడా?" అంటూ చేతులు దూర్చాడు. కోటు చేతులు ఆయనకి కాస్త పొడుగయ్యాయి. మిహ్యంగ్ ముందుకి వచ్చి, ఎర్రగుండీ తనే పెట్టింది. "ఇందాక నోరు జారాను బాబాయ్," అంది తలెత్తకుండా. ఆయన, ముసలాణ్ణి ముసలాడంటే తప్పేముందే అన్నాడు.

చలికి బండి మొరాయించింది. చిల్‌బోక్ దాన్ని తోసుకుంటూ ఎగువ వీధి ఎక్కసాగాడు. యన్‌సిమ్ గుమ్మం దిగి వీధిలోకి వచ్చింది. వెనకనించి చూస్తే ఆ గోధుమరంగు వీపు, ఎడమ పక్క కిందికి సాగిన ఆ అంచు, కాలిన ఆ చెయ్యి. ప్రతి తెల్లారగట్లా టోఫు పలకలు భుజాన వేసుకుని ఆ ఎత్తు ఎక్కే మనిషితో అనే మాట, ఆవిడ నోటంట తనంతట తనే వచ్చేసింది.

"మెల్లిగా. పైన మంచు ఉంది."

దాల్‌సు ఎప్పుడూ వెనక్కి తిరిగేవాడు కాదు, నడుస్తూనే కుడిచెయ్యి ఎత్తేవాడు. ఆ సంగతి చిల్‌బోక్‌కి తెలుసు. నడుస్తూనే, తిరక్కుండానే, కుడిచెయ్యి ఎత్తాడు.

మలుపు తిరిగేదాకా ఆవిడ అలాగే నిలబడి చూసింది. వసంతంలో దాల్‌సు ఆసుపత్రికి వెళ్ళిన రోజు కొట్లో గింజలు రుబ్బుతూ సరిగ్గా సాగనంపనేలేదు. ఇప్పుడు కళ్ళారా చూసి పంపింది.

వెనకనించి మిహ్యంగ్ వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "కళ్ళు తుడుచుకోండి అత్తయ్యా. ఈ చలికి అవి కూడా గడ్డకడతాయి. రండి, గింజలు పులుస్తాయి."