ఇవాళ మన వీధి ఎక్కడుంది

లిఫ్టులు బాగుచేసే అతను ఆదివారమొస్తే అక్క వెంట తనకో ఇల్లు చూసుకోడానికి వెళ్ళేవాడు. గుమ్మంలో కాలు పెట్టకముందే అక్క అడిగేది ఒకటే, ఇక్కణ్ణించి ఆసుపత్రికి ఎంతసేపని. గాలీ వెలుతురూ, నీళ్ళ సంగతీ ఆ తర్వాతే. పది నిమిషాలని బ్రోకరు చెబితే నమ్మే మనిషి కాదు. రద్దీ వేళ చూసి, బండెక్కి, తనే వెళ్ళొచ్చేది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట అతని భార్యకి గుండెనొప్పి వస్తే, అంబులెన్సు ఆసుపత్రి దారిలో వంతెన మీద ఇరుక్కుపోయింది. కాస్త ముందుగా తెచ్చుంటే బతికేదన్నాడు డాక్టరు. ఊరికి దూరంగా అప్పట్లో తామున్న ఇంటిని చవకని ఎంచింది అతనే. అప్పట్నుంచీ అతనికి ఏదీ తెలియడం మానేసింది. కాఫీ నాలుక కాల్చినా తెలిసేది కాదు. ఏ ఇల్లు చూపించినా బానే ఉందనేవాడు. ఉత్త గోడ చూపించినా బానే ఉందంటావని అక్క విసుక్కునేది.

తిరిగి తిరిగి బ్రోకరు చెప్పులరిగాక, చివరికి వాళ్ళని తిరిగే వీధికి తీసుకెళ్ళాడు. ఆ వీధి సంగతి ఊరందరికీ తెలిసిందే. రాత్రి ఒకచోట పడుకుంటే, తెల్లారేసరికి ఇంకోచోట ఉంటుంది. ఒకరోజు చేపల మార్కెట్ పక్కన, ఒకరోజు రైలు పట్టాల వెనక. మొదటి ఇంటావిడ పొద్దున్నే తొంగిచూసి, ఇవాళ ఎక్కడున్నారో కేకేసి చెబుతుంది. దాన్నిబట్టి ఎవరి బస్సు వాళ్ళు చూసుకుంటారు. పేపరు వేసే అతను మాత్రం ఆ వీధిని తిట్టని రోజుండదు.

"కొంటాను," అన్నాడతను.

"ఆసుపత్రి ఎంత దూరమో ఆ దేవుడికైనా తెలుసట్రా?"

"అందుకేనక్కా. దగ్గరా దూరమా అని ఇక నన్నెవరూ అడగరు."

అక్క అలిగింది. సామాన్లు దించిన రోజున రాలేదు, తర్వాత ఫోనూ చెయ్యలేదు. అదీ అతనికి తెలిసినట్టు లేదు. పొద్దున కేక వినేవాడు, పనికి వెళ్ళేవాడు. ఆగిపోయిన లిఫ్టులోంచి బయటపడ్డవాళ్ళు అతని చేతులు పట్టుకుని ఏడిస్తే, ఆ తలుపుకి ఎప్పుడు నూనె పెట్టారో అని ఆలోచించేవాడు.

ఒక పొద్దున అతను పళ్ళు తోముకుంటుండగా మొదటి ఇంటావిడ కేకేసింది. "మెకానిక్ బాబూ, ఈ చివర, అప్పుడు మీతో ఇల్లు చూడ్డానికొచ్చిన మీ అక్కగారి ఇంటి ముందుంది. ఆ చివర ఆసుపత్రి గేటు."

అతను నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు. అక్క తన గుమ్మంలో ఎడమ భుజం పట్టుకుని కూర్చుని ఉంది. మొహమంతా చెమట.

"ఏం లేదురా. అరగలేదంతే," అంది.

ఆనాడు భార్య కూడా ఆ మాటే అంది. అతను బ్రష్షు పారేసి, అక్కని రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తాడు. ఇరుగుపొరుగువాళ్ళు సైకిళ్ళూ పూలకుండీలూ గబగబా పక్కకి లాగారు. అలవాటైన బుద్ధి ఎక్కడికి పోతుంది, గేటు దగ్గర అక్క కళ్ళు మూసుకునే అడిగింది, ఎంతసేపు పట్టిందిరా అని.

మధ్యాహ్నం నర్సు బయటికొచ్చింది. "గండం గడిచింది. సమయానికి తీసుకొచ్చారు."

అతను తలూపాడు. ఆమె వెళ్ళబోతుంటే పిలిచి, ఏమన్నారని అడిగాడు.

"సమయానికి తీసుకొచ్చారండీ."

ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె అతని మొహం చూసి, పక్కన కూర్చుని, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. అప్పుడు తెలిసింది అతనికి, కాళ్ళకి చెప్పుల్లేవని, అరికాలు చీరుకుపోయిందని, అది చాలా నొప్పిగా ఉందని.